మెట్లెక్కిన లిఫ్టు మెకానిక్

ఆదివారం మధ్యాహ్నం,
వంటింటి బల్ల దగ్గర

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క మీ బావ గుండె తప్ప.

కంగారుపడకు. కుర్చీలోంచి లేవకుండా కంగారుపడటం నీకు చిన్నప్పటినుంచీ అలవాటు. ముందు మొత్తం చదువు. ఫోన్లో చెబుదామంటే మీటింగులో ఉన్నానక్కా అని పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే పెట్టేయలేవు కదా అని కాగితం తీశాను.

మూడు నెలల కిందట మీ బావ పనిచేసే లిఫ్టుల కంపెనీ వాళ్లు ఉద్యోగులకీ, ఇంట్లోవాళ్లకీ కలిపి గుండె పరీక్షలు చేయించారు. తాడు పట్టుకుని చీకట్లో లిఫ్టు గుంతలోకి దిగే మనిషి, సూది చూస్తే చాలు కళ్లు తేలేస్తారు. ఆయనకి ధైర్యం చెప్పడానికి నేనే ముందు చెయ్యి చాచి రక్తం ఇచ్చాను. రిపోర్టులు తేవడానికి మాత్రం ఆయనే వెళ్లారు, నాకు తీరిక ఎక్కడిది? తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి, నేలచూపులు చూస్తూ, తనకి రక్తపోటు ఎక్కువైందట, రక్తంలో కొవ్వు చేరిందట, ఇప్పుడే అలవాట్లు మార్చుకుంటే మందులదాకా పోనక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిందన్నారు. నా గుండెల్లో రాయి పడింది. మరి నా సంగతేమిటని అడిగితే, నీకేం, గుండ్రాయిలా ఉన్నావన్నారు.

నాన్న సంగతి నీకు గుర్తుంది కదా. ఆయాసం వస్తే ఎండ అన్నాడు, ఛాతీ పట్టేస్తే గ్యాసన్నాడు, మనం నమ్మాం. ఈయన విషయంలో నేను నమ్మదలుచుకోలేదు. ఈ మనిషిని నేను పోగొట్టుకోలేనురా, అంతే.

ఆ పూటే ఉప్పు డబ్బా అటకెక్కింది. ఆయన ఎదురుగా కూర్చుని నేనొక్కదాన్నే ఉప్పేసుకు తింటే ఏం బాగుంటుందని నేనూ ఆ చప్పిడి కూరలే తింటున్నాను. నిద్ర సరిగ్గా ఉండాలందట డాక్టరమ్మ. అందుకని టీవీ తొందరగా కట్టేసి, ఆయన పడుకునేదాకా పక్కనే పడుకుంటాను. తమాషా ఏమిటంటే ముందు నిద్రపోయేది నేనే. చివరికి నా ఆఫీసు సొరుగులో బిస్కెట్లు కూడా పోయాయి. మా బిల్డింగు లిఫ్టుకి నూనె వేసే వంకతో ఆయన మధ్యాహ్నం మా అంతస్తుకొచ్చి తిన్నగా నా సొరుగు లాగేవారు. ఈయన తినేస్తారన్న భయంతో నేను కొనడమే మానేశాను.

మా ఆఫీసు అంటే తెలుసు కదా, అయిదో అంతస్తులో ట్రావెల్సు. ప్రయాణం రద్దయినవాళ్లు ఫోను చేసి తిడతారు, కుర్చీలో కూర్చుని ఆ తిట్లన్నీ ఓపిగ్గా తినడం నా ఉద్యోగం. ఆ బిల్డింగులో లిఫ్టు చూసుకునేది మీ బావే కాబట్టి పొద్దున్నే ఇద్దరం కలిసి వెళతాం. డాక్టరమ్మ మెట్లెక్కమంది. నువ్వు వెనకాల కాపలా ఉంటేనే ఎక్కుతాను, లేకపోతే రెండో అంతస్తులో లిఫ్టులో దూరిపోతాను, నామీద నాకే నమ్మకం లేదని ఆయన చేతులెత్తేశారు. ఇక చూస్కో. ముందు పనిముట్ల సంచితో ఆయన, వెనక టిఫిన్ బాక్సుతో నేను. పాపం ప్రతి మలుపు దగ్గరా ఆగి, వంగి, బూటు లేసు సర్దుకుంటారు. ఆయాసమని ఒప్పుకోవడానికి మగవాళ్లకి నామోషీ కదా. నేనూ చూసీచూడనట్టు గోడకి ఆనుకుని నిలబడేదాన్ని.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. లిఫ్టు మెకానిక్ లిఫ్టెక్కకుండా, సొంత పెళ్లాన్ని కూడా ఎక్కనివ్వకుండా మెట్లమీద తీసుకెళుతున్నాడని మూడో అంతస్తు లాయరుగారు చూశారు. చూసి ఊరుకుంటే లాయరెందుకవుతారు? లోపల ఏదో తేడా ఉంది, మనకి చెప్పడం లేదు అన్నారట. సాయంత్రానికి ఆ మాటకి చిలవలు పలవలు వచ్చి, తాడు తెగడానికి సిద్ధంగా ఉందని మా ఆఫీసులోనే నాకు చెప్పారు! వారం తిరక్కుండా బిల్డింగంతా మెట్లమీదే. లిఫ్టేమో తళతళలాడుతూ, తలుపులు తెరిచి, ఎవరూ ఎక్కకపోతే మళ్లీ మూసుకుని ఖాళీగా తిరిగేది. మోకాళ్లు పట్టుకుని ఎక్కుతున్నవాళ్లంతా నన్ను చూసి, కనీసం మాకు నిజం చెప్పొచ్చు కదమ్మా అనేవాళ్లు. ఏం చెప్పను? గుండె బాగాలేనివాణ్ని లిఫ్టు గుంతలోకి దిగనివ్వరట కంపెనీలో. అందుకని ఎవరికీ చెప్పొద్దని మీ బావ నాచేత ఒట్టు వేయించుకున్నారు.

బిల్డింగు ఓనరు ఫిర్యాదు చేయడంతో సూపర్‌వైజరు ఒంటికాలిమీద లేచాడు. పొద్దున్నే అందరి కళ్ల ముందూ లిఫ్టులో పైదాకా వెళ్లి చూపించమన్నాడు. మీ బావ బుద్ధిగా ఎక్కారు, అందరూ చూశారు, హమ్మయ్య అనుకున్నారు. అంతలో ఈ మహానుభావుడు, లిఫ్టెక్కిన పాపం పోవాలనీ, మళ్లీ నాతో కలిసి మెట్లెక్కాలనీ పైనుంచి నడిచి దిగారు! ఇంకేముంది? ఇది ఎక్కడానికి పనికొస్తుంది గానీ దిగడానికి పనికిరాదని లాయరుగారు తేల్చేశారు. అప్పటినుంచి జనం లిఫ్టులో పైకెళ్లి నడిచి కిందికి రావడం మొదలుపెట్టారు. సూపర్‌వైజరు తల ప్రాణం తోకకొచ్చింది.

పోయిన సోమవారం కింద వరండాలో, అందరి ముందూ, ఇంతకీ నీ బాధేమిటో చెబుతావా, సామాను సర్దుకుంటావా అని మీ బావని నిలదీశాడు. ఈయన తల గోక్కుంటూ నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒట్టు గట్టున పెట్టి, ఆయనకి గుండె బాగాలేదండీ, డాక్టరు మెట్లెక్కమంటే ఎక్కుతున్నారు, మీ లిఫ్టుకేం మాయరోగం లేదు అని అరిచేశాను. సూపర్‌వైజరు మెత్తబడ్డాడు గానీ, అయితే గుంతలోకి దిగే పని ఇవ్వలేను, డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెస్తే సరే, లేకపోతే గోడౌనులో కూర్చోవాలన్నాడు.

ఆ రాత్రి నాకు కూడు సహించలేదు. నా నోటి దూలవల్ల ఆయన పని పోయిందని ఏడ్చాను. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఈల వేసుకుంటూ గిన్నెలు కడిగారు. మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మళ్లీ నేనే ముందు రక్తం ఇవ్వాల్సొచ్చింది. గురువారం ఆయన వెళ్లి కాగితం తెచ్చారు. నమ్ముతావా? గుండె నిక్షేపంలా ఉందట! ఎక్కువైన రక్తపోటు లేదు, పేరుకున్న కొవ్వు లేదు. ఇంత తొందరగా తగ్గాయంటే నా చప్పిడి కూరల మహిమ కాక మరేమిటి? సూపర్‌వైజరు ఆ కాగితం నకలు లిఫ్టులోనే, ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డు పక్కన అంటించాడు. జనం మళ్లీ ఎక్కుతున్నారు. లాయరుగారు మాత్రం తన నడుం బెల్టు వదులైందని మెట్లమీదే వస్తున్నారు.

కాబట్టి తమ్ముడూ, నీ అక్క ఒక ప్రాణం నిలబెట్టింది. నువ్వూ కాస్త ఆ కుర్చీ దిగు. మధ్యాహ్నం కంప్యూటరు ముందు తినడం మానెయ్. మరదలికి నా మాటగా చెప్పు, ఉప్పు డబ్బా అటకెక్కించమని.

ఉంటాను.
నీ మంచి కోరే,
అక్క

తా.క. బామ్మర్దీ, ఇది మీ బావ రాత. కవరు అంటించమని నాకిచ్చి మీ అక్క పక్కింటికి వెళ్లింది, ఆ సందులో రాస్తున్నాను. నా గుండెకి మొదటినుంచీ ఏమీ లేదు. అప్పుడు ఎక్కువొచ్చినవన్నీ మీ అక్కవి. డాక్టరమ్మ ఆవిడకే చెప్పాలంది. కిందటేడు తలనొప్పికి డాక్టరు నడవమని చీటీ రాసిస్తే, పొద్దస్తమానం నడుస్తూనే ఉన్నాగా అని మీ అక్క ఆ చీటీ చించేసింది. తన కోసమంటే ఒక్క పూట చేయదు, నా కోసమంటే కొండలు పిండి కొడుతుంది, కొంచెం గడువివ్వండమ్మా అని బతిమాలాను. తగ్గకపోతే నేనే చెప్పేస్తానని డాక్టరమ్మ ఒప్పుకుంది. తగ్గాయి. మొన్న మీ అక్క రిపోర్టు తీసుకుని ఆసుపత్రి మెట్లమీదే కూర్చుని మూడుసార్లు చదువుకున్నాను. ఇంకో పరీక్షదాకా నువ్వు నోరు విప్పకు. నీలోనూ మీ నాన్న రక్తమే ఉంది, వెళ్లి చూపించుకో. అన్నట్టు, సూదంటే నాకు భయం మాత్రం నిజం.

మళ్లీ తా.క. ఒరేయ్ తమ్ముడూ, జిగురు ఎండిపోయిందని మీ బావ చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లారు. మరదలికి ఒక ముక్క రాయడం మరిచానని వెతికితే కవరు పనిముట్ల సంచి కింద దొరికింది. చదివాను. ముందు అప్పడాల కర్ర తీశాను, తర్వాత కూర్చుని ఏడ్చాను. ఆయనకి చెప్పను. చెబితే రేపే లిఫ్టెక్కేస్తారు, ఆయన వెనకే నేనూ ఎక్కేస్తాను. నాకు తెలిసినట్టు నువ్వూ చెప్పకు. రేపు పొద్దున్న మళ్లీ ఆయనకి కాపలాగా మెట్లెక్కుతాను, మలుపు దగ్గర ఆయన వంగితే నేనూ ఆగుతాను. ఇప్పుడే గుమ్మం దగ్గరికి వెళ్లి ఆయన బూట్లు చూసొచ్చాను. అవి జిప్పు బూట్లురా, వాటికి లేసులే లేవు.