రెండు షిఫ్టుల అద్దాలు

ఫకృన్నీసా ఆపా,

ఇయ్యాల పొద్దున పదకొండు గంటలకు కంపెనీ కంటి పరీక్షల నేను ఫెయిలైన. సోమవారం సొంత అద్దాలతోటి పాసైతేనే మందు సీసాలు చూసే టేబుల్ మీద ఉంచుతరట. లేకుంటే అట్టపెట్టెల పనికి మారుస్తరు.

పొద్దటి షిఫ్టుల నేను, మాపటి షిఫ్టుల నువ్వు, ఏడు నెలలు నీ అద్దాలే పెట్టుకున్నం కదా. డాక్టర్ వాటిని కొలిచి, "ఇవి ఎవరివమ్మా?" అన్నడు.

"నావే సార్."

"నీకు కావాల్సిన పవర్ ఒకటిన్నర. ఇవి రెండున్నర. ఇన్ని దినాలు సీసాలు ఎట్ల చూసినవ్?"

"ముక్కు కాడికి తెచ్చుకొని చూసిన సార్."

పక్కనే ఉన్న సూపర్‌వైజర్ కొమురయ్య సారు మొహం చూడాలె! "సీసాను అంత దగ్గర పెట్టుకొని చూసేది ఈమె ఒక్కతే" అని పోయిన నెల నాకు స్టీలు డబ్బా బహుమానం ఇచ్చింది ఆయనే.

నువ్వు పరేషాన్ కాకు. దుకాణంల పద్దెనిమిది వందలు చెప్పిన్రు గానీ, పటాన్‌చెరు కంటి శిబిరంల నూట యాభైకే చేసిస్తమన్నరు. నల్ల ఫ్రేము ఒక్కటే ఉంది. గులాబీ రంగుది అడిగితే, "పెళ్లిచూపులకా అక్కా?" అని నవ్వింది అక్కడి పిల్ల.

నీ అద్దాలు తుడిచి, ఈ చీటీతోటి మన లాకర్ల పెట్టిన. ఇగ అవి నీకొక్కదానికే.

ఒక్క జత అద్దాలే ఉండెనాయె, ఇన్ని దినాలు ఇద్దరికి ఒకటే షిఫ్టు అడగలేకపోయినం. ఇయ్యాల అడిగిన, కొమురయ్య సారు ఒప్పుకున్నడు. శనివారం నాలుగింటికి అద్దాలు ఇస్తరు. సోమవారం తొమ్మిదింటికి పరీక్ష. పాసైతే మంగళవారం పొద్దున ఆరింటి కంపెనీ బస్సుల ఇద్దరం పోతం. కిటికీ సీటు నాకు.