గోడ మీద ఆగిన నీడలు

అక్కా, నా వంకర అక్షరాలకూ తప్పులకూ ఏమీ అనుకోకు. "మీ ఆయన నీతోని మంచిగ మాట్లాడుతుండా" అని నువ్వు ఫోన్లో అడిగినప్పుడు అత్తమ్మ పక్కనే ఉంది, చెప్పలేకపోయాను.

ఆదివారం ఆయన అత్తమ్మనూ నన్నూ గచ్చిబౌలిలో బొమ్మలూ సైన్సూ కలిపిన మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడొక గోడ ముందు నిలబడితే లైటు మెరుస్తుంది. మనం పక్కకు జరిగినా నీడ కాసేపు గోడ మీదే ఉంటుంది. మెరిసే ముందు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. జరిగి చూస్తే చేతులు కలిపిన మా నీడలు, వెనక జనం. సిగ్గుతో ఆ నీడలకు కొంగు అడ్డం పెట్టాను.

"జర జరుగు పిల్లా, నా కొడుక్కు గింత ధైర్యం ఎప్పుడొచ్చిందో సూడనియ్యి" అన్నది అత్తమ్మ.

ఫికర్ చెయ్యకు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చింతకాయ తొక్కు పంపించు. పిల్లలకు ముద్దులు. పోస్టుమాన్ ఎలాగూ చదివే ఉంటాడు, బావ చదవకముందే దీన్ని పొయ్యిలో పెట్టు.

నీ చెల్లెలు
స్వరూప