వెతకగానే దొరికిన పేరు

కరీంనగర్

సుగుణక్కకు,

చెల్లె రజిత దండాలు. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటున్నాను. బాపు బీపీ గోలీలు మానకుండా చూడు. ఫోన్ చేస్తే నా గొంతు విని ఏడుస్తున్నావు, అందుకే రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను.

కాగజ్‌నగర్ నుంచి వచ్చాక పనిలో కుదురుకున్నాను. ఎండలు ముదిరాయి. హాస్టల్‌లో ఏ కూరైనా ఒకేలా అనిపిస్తుంది. వండే ఆమె తప్పేం లేదు. మనల్ని కన్న అవ్వ పోయినప్పటి నుంచి నాకే అన్నీ అలా ఉన్నాయి. దిగులు పడకు, తింటున్నాను.

మా కంపెనీ ఒక ఆసుపత్రికి వెబ్ అప్లికేషన్ చేసింది. మనం అవ్వను చూపించిన ఆసుపత్రే. పేషెంట్లు పెరిగేకొద్దీ అందులో పేరు వెతకడం నెమ్మదించింది. లైన్ కదలడం లేదని మా మేనేజర్ నన్ను పంపించాడు.

వెళ్లేసరికి గోదావరిఖని నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కౌంటర్ పట్టుకుని నిలబడ్డాడు. బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాడట. భార్య బెంచీ మీద పడుకుని ఉంది. ఆమెకు డయాలసిస్ చీటీ కావాలి.

"పొద్దుగాల్నుంచి నిలవడ్డ. ఒక్క పేరు దొర్కుతానికి గింతసేపా?"

"జర ఆగు కాకా, ఎతుకుతనే ఉన్న," అన్నాడు కౌంటర్‌లో కూర్చునే సలీం భాయ్.

చూస్తే పేషెంట్ల టేబుల్‌కు ఇండెక్స్ లేదు. అది లేకపోతే డేటాబేస్ ఒక్క పేరు కోసం మొదటి నుంచి చివరిదాకా అందరినీ చదువుతుంది. ఉంటే నేరుగా ఆ పేరు దగ్గరికే వెళ్తుంది. టేబుల్‌లో మార్పు చేయడానికి మైగ్రేషన్ అనే చిన్న ఫైలు రాసి, పేరుకూ ఫోన్ నంబరుకూ ఇండెక్స్ పెట్టాను. అది తయారయ్యేలోపు కొత్త పేషెంట్ల నమోదు ఆగిపోకూడదు కదా, అందుకని ఎంతసేపు పడుతుందో ముందు కాపీ మీద చూసుకుని, తర్వాతే అసలు టేబుల్ మీద నడిపించాను.

ఈసారి కాకా భార్య పేరు కొట్టగానే వచ్చింది. ఆయన చీటీ అందుకుని, "సల్లగుండు బిడ్డా" అన్నాడు. సంతోషం కలగాలి. కలగలేదు. ల్యాప్‌టాప్ మూశాను.

సలీం భాయ్‌కి హుషారొచ్చింది. "ఇంకో పేరు చెప్పు, చూద్దాం. మీ ఇంట్లోళ్లదే చెప్పు."

నా నోటికి అవ్వ పేరే వచ్చింది. ఎంటర్ కొట్టాడు. మన ఇంటిపేరు, కాగజ్‌నగర్, కింద నీ ఫోన్ నంబరు.

"గీమె మీ అవ్వనా? మస్తు యాదికున్నది. కొంగుల కెల్లి పల్లీలు తీసి పెట్టేది నాకు. ఇప్పుడెట్లున్నది?"

ఇంటికి తెచ్చుకున్నాకే కదా పోయింది, ఆయనకు తెలియదు.

"బాగనే ఉన్నది," అన్నాను.

"సలీం అడిగిండని చెప్పు."

"చెప్త."

ఎందుకలా అన్నానో తెలియదు. కన్నీళ్లూ రాలేదు. బస్సెక్కి హాస్టల్‌కు వచ్చి బట్టలు ఉతుక్కున్నాను.

అక్కా, బడికి సెలవులిచ్చాక ఒకసారి రా. ఇద్దరం వెళ్లి సలీం భాయ్‌కి నిజం చెబుదాం. నువ్వు చెప్పు. నేను పక్కన నిలబడతాను.

బాపుకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. అవ్వ తర్వాత నాకు నువ్వే పెద్దదిక్కు, దీవించు.

నీ చెల్లె
రజిత