పందొమ్మిదో రిఫరెన్సు

కాలేజీ గ్రంథాలయం, రెండో అంతస్తు,
పద్నాలుగో తేదీ, గురువారం.

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ బావగారికీ నాకూ ఒంట్లో బాగానే ఉంది. మనసు సంగతి అడిగితే మాత్రం, మంగళవారం నుంచి నాకు నీ మీద ఒళ్లు మండిపోతోంది. ఫోనులో చెబుదామంటే మధ్యలోనే మాట తుంచేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. కూర్చుని చివరిదాకా చదువు.

జరిగింది మొదటి నుంచీ చెబుతాను. నువ్వు మరదలికి వేరేగా చెప్పినట్టున్నావు.

పసిపిల్లల మూర్ఛల మీద రాసిన పేపరు పోయిన నెల నాకు పంపావు. "నలభై రెండు రిఫరెన్సులున్నాయక్కా, ఆ జర్నల్ వాళ్ల పద్ధతిలోకి మార్చిపెట్టు, ఇరవయ్యో తేదీకల్లా పంపాలి" అన్నావు. మెడికల్ కాలేజీ గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే పని కదా, సరేనన్నాను. ఇంటిపేరు ముందు రావాలి. పొడి అక్షరాల మధ్య చుక్కలుండకూడదు. రచయితలు ఆరుగురు దాటితే 'తదితరులు' అనాలి. సంవత్సరం పక్కన సెమీకోలన్, దానికి ఆనుకుని సంపుటి, తర్వాత పేజీలు. చూసేవాళ్లకు చాదస్తంలా ఉంటుంది. ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కునేవాడికి దారి చూపించేది ఆ వరసే.

పద్దెనిమిది దాకా సాఫీగా సాగింది. పందొమ్మిదోదానికి చివరి పేజీ నంబరు లేదు. రెండువందల పదకొండు అని వేసి, పక్కన గీత గీసి వదిలేశావు. ఆ ఒక్క అంకె కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ల కిందటి వ్యాసం. ఇంటర్నెట్‌లో దాని పేరు, రాసినావిడ ఆసుపత్రి పేరు తప్ప ఇంకేమీ లేదు. నెలలోపు శిశువుల్లో నువ్వు రాసిన మూర్ఛ మందు పెద్ద మోతాదు భద్రత గురించి అని ఉంది. మా బీరువాల్లో ఆ సంపుటి లేదు. రాసినావిడ పనిచేసిన ఆసుపత్రికి ఉత్తరం రాస్తే, వాళ్లు దాన్ని ఆవిడ ఇంటికి పంపారు. రిటైరైన డాక్టరమ్మ. వారం తిరక్కుండా వ్యాసం నకలు పంపింది, తన చేతిరాతతో ఒక చీటీ కూడా పెట్టింది.

నీ పేపరులో ఏముంది? "ఈ మోతాదు నెలలోపు శిశువులకు సురక్షితమని ఇదివరకే రుజువైంది" అని, నెత్తిన పందొమ్మిది. ఆవిడ వ్యాసంలో ఏముంది? పద్నాలుగు మంది శిశువులకు ఆ మోతాదు ఇచ్చారు. ముగ్గురికి ఊపిరి మందగించింది. అక్కడితో పరిశోధన ఆపేశారు. ఇక ఎవరూ ఇవ్వవద్దని రెండో పేజీలోనే రాశారు. మొత్తం వ్యాసం నాలుగు పేజీలు తమ్ముడూ. నాలుగే.

చీటీలో ఆవిడ ఇలా రాసింది: "ఇన్నేళ్లలో ఈ వ్యాసం కావాలని నన్ను అడిగింది మీరొక్కరేనమ్మా. ఆ ముగ్గురిలో ఒక పాప మాకు దక్కలేదు. ఇంకో బిడ్డకు అలా జరగకూడదనే రాశాను."

అది చదివాను. వెంటనే నీకు ఫోను చేశాను. "అందరూ అలాగే రాస్తున్నారక్కా" అన్నావు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట నీలాంటివాడే. సరే, నువ్వు చదివావా అని అడిగాను. "పేరులోనే భద్రత అని ఉంది కదా" అన్నావు. ఎంట్రన్సు పరీక్షకు చదివే రోజుల్లో కూడా ప్రశ్న సగం చదివి జవాబు గుర్తు పెట్టేవాడివి. వెనక నిలబడి మిగతా సగం చదివించేదాన్ని. పెద్ద డాక్టరువయ్యాక కూడా వెనక ఒక మనిషి నిలబడాలా? నేను వదలకపోయేసరికి నీకు విసుగొచ్చింది. "నువ్వు కామాలూ చుక్కలూ చూసుకో, వైద్యం నేను చూసుకుంటాను" అని ఫోను పెట్టేశావు.

నన్ను ఆ మాట అన్నందుకు కాదు నా కోపం. దానికీ కొంత ఉందిలే, అబద్ధమెందుకు.

మర్నాడు మరదలు ఫోను చేసింది. "నెలాఖరున ఆయనకి ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉంది వదినా, ఒక్క నంబరు కోసం ఇంత రాద్ధాంతమెందుకు, అది తీసేసి వేరేది పెట్టెయ్యకూడదా" అంది. ఆ పిల్లనేమీ అనలేదు. నువ్వు చెప్పించిన మాటలేనని తెలుసు. వేరేది ఏం పెట్టమంటావు? ఆ వాక్యం రాసిన ఇంకో నాలుగు పేపర్లు తీసి చూశాను. నాలుగూ ఈ వ్యాసాన్నే చూపిస్తున్నాయి. మక్కికి మక్కి అవే మాటలు. నాలుగింటిలోనూ చివరి పేజీ నంబరు లేదు, అదే గీత. అంటే ఒక్కరూ తెరిచి చూడలేదు. గొర్రెదాటు దీనికంటే నయం. గొర్రెలు దూకితే గొర్రెలే పడతాయి. మీరు దూకితే పడేది పసిబిడ్డలు.

రేపు ఎక్కడో చిన్న ఆసుపత్రిలో ఒంటరిగా డ్యూటీలో ఉన్న డాక్టరు, మూర్ఛతో కొట్టుకుంటున్న బిడ్డకు ఎంత మందు ఇవ్వాలా అని నీ పేపరు తెరుస్తాడు. నాలాగా ఊరూరికీ ఉత్తరాలు రాసే వ్యవధి వాడికి ఉండదు. వాక్యం మీద నంబరు చూసి నమ్ముతాడు. నేను చూశాను, నువ్వు నమ్మొచ్చు అని మాటివ్వడమే కదా ఆ నంబరు వేయడమంటే. చూడకుండా ఆ మాట ఇవ్వడానికి నీకు చేతులెలా వచ్చాయి?

నలభై ఒక్క రిఫరెన్సులు సరిచేసి విడిగా పంపాను. పందొమ్మిదోది ముట్టుకోను. వ్యాసం నకలు ఈ కవరులోనే పెడుతున్నాను. ముందు అది చదివి, నీ వాక్యాన్ని నువ్వే తిరగరాయి. ఇరవయ్యో తేదీ దాటిపోతే దాటిపోనీ. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
ఎంత తిట్టినా నీ మేలు కోరే
అక్క

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఒక సంగతి దాచి ఉత్తరమంతా రాశాను. ఆ వాక్యం మొట్టమొదట ఎవరు రాశారో నిన్న మధ్యాహ్నమే తెలిసింది. ఆ నాలుగు పేపర్లకూ మూలం ఒకటే, తొమ్మిదేళ్ల కిందటి నీ మొదటి పేపరు. దానికి రిఫరెన్సులు సర్దింది నేను. చివరి పేజీ దొరక్క, ఎవరు చూడొచ్చారులే అని ఆ గీత గీసింది నేనే. చివర్లో నాకు కృతజ్ఞతలు వేయించావని ఆ పేజీని ఊరంతా చూపించుకున్నాను కూడా. ఇంతసేపూ నిన్ను అన్న మాటల్లో సగం నావి. ఇంటర్వ్యూ ముందు ఇది నీకు గోరుచుట్టు మీద రోకటిపోటని తెలుసు. అయినా ఆ పాత పేపరు వేసిన జర్నల్ సంపాదకుడికి, మేం రాసింది తప్పు, సవరణ వేయండి అని ఉత్తరం రాశాను. నా సంతకం పెట్టి, పక్కన నీ సంతకానికి చోటు వదిలాను. సోమవారం టపా కట్టేదాకా నీ కోసం చూస్తాను. నువ్వు రాకపోతే, ఆ చోటు ఖాళీగానే వెళ్తుంది.