మూడో సంపుటంలో టీ లేదు

గార్డెన్ రీచ్,
నవంబరు 4, సోమవారం

పట్టాభి బాబుగారికి,

మీరెరగని సూరన్న నమస్కారాలు.

నేను ఇక్కడి రేవులో ఇరవై ఎనిమిదేళ్లు క్రేన్ నడిపి రిటైరైనవాణ్ణి. మాది శ్రీకాకుళం దగ్గర భావనపాడు. మీరు రాసిన ‘నేరలోక యాత్ర’ మూడు సంపుటాలూ మా తెలుగు సంఘం లైబ్రరీలో దొరికాయి. ఏ దేశంలో హత్య కథలు ఎలా రాస్తారో, సినిమాలు ఎలా తీస్తారో మీరు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. ఆ పుస్తకాలు మాకు దొరకవు, ఆ సినిమాల భాష మాకు రాదు. కాబట్టి మీరు రాసిందే మాకు పుస్తకమూ, సినిమానూ.

నేను చదువుతాను, మా ఆవిడ అప్పలలక్ష్మి వింటుంది. వినడమంటే ఊరికే వినడం కాదు, హంతకుణ్ణి పట్టుకుంటుంది. స్వీడన్ మంచులో శవం దొరికిన కథలో మీరు మూడో పేరాకి రాకముందే డాక్టరని తేల్చేసింది. జపాన్ సినిమాలో వియ్యపురాలే చంపిందంది.

ముగింపు చెప్పకూడదని మీ ఒట్టు. అయినా మొదటి రెండు సంపుటాల్లో ‘నేను మేనల్లుణ్ణి అనుమానించి బోర్లాపడ్డాను’ అని నిజాయితీగా ఒప్పుకుంటారు. ఆ ముక్క పట్టుకుని ఆవిడ మిగతాది లాగేసేది. మూడో సంపుటంలో ఆ ముక్క కూడా లేదు. దాంతో పోర్చుగల్ కథ దగ్గర మా బండి ఆగిపోయింది. రేవులో క్రేన్ మీద డ్రైవరు శవం. మేస్త్రీ, భార్య, ఓడ కెప్టెను, టీ కొట్టువాడు, నలుగురి మీదా అనుమానం. ఎవరు చంపారు బాబూ? చచ్చినవాడు క్రేన్ డ్రైవరు కదా, మాకు కొంచెం పట్టింపు.

మీ పాఠకుడు,
సూరన్న

తా.క. ఎవరైనా చూస్తారని భయమైతే చిన్న అక్షరాల్లో రాయండి. నా దగ్గర భూతద్దం ఉంది.


లేక్ మార్కెట్,
నవంబరు 8

సూరన్న గారికి,

నమస్కారం. పుస్తకం అట్ట మీద ‘అభిప్రాయాలు రాయండి, ఫోన్ చేయకండి’ అని వేయించాక నాకు వచ్చిన మొదటి ఉత్తరం మీది. అందుకని కోపం కాస్త తగ్గించుకుని రాస్తున్నాను.

హంతకుడి పేరు బయటపెట్టేవాడు విమర్శకుడు కాదు, చాడీకోరు. ఇరవై ఏడు దేశాల నేరకథలు చదివాను, సినిమాలు చూశాను. ఒక్క ముగింపు నా నోట రాలేదు. మా అమ్మాయి పెళ్లిలో వియ్యంకుడు ఒక ఫ్రెంచి నవల ముగింపు చెబితేగాని పీటల దగ్గరికి రానని అలిగి కూర్చున్నాడు. పెళ్లి ఆగినా సరే చెప్పనన్నాను. మీకు చెబుతానా?

పత్రికలో ప్రతి ముగింపూ బట్టబయలు చేసే ఢిల్లీశ్వరరావు అనే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. నన్ను ఇలా కదిపి చూడటం ఆయనకు సరదా. మీరు ఆయన మనిషి కాదనే అనుకుంటున్నాను.

ఇట్లు,
పట్టాభి

తా.క. భూతద్దం నిజంగా ఉంటే, నా రెండో సంపుటం 112వ పేజీ అడుగున ఏముందో చదివి చెప్పండి. రాసింది నేనే, చదవలేకపోతున్నాను.


గార్డెన్ రీచ్,
నవంబరు 12

బాబుగారికి,

సూరన్న దణ్ణాలు. పేరు వద్దు, అవునో కాదో చెప్పండి చాలు. మా ఆవిడ లెక్క ప్రకారం భార్య కాదు. “ఆ పొద్దు ఆడికిష్టమని కేరేజీలో సేపల పులుసు పెట్టింది. సంపీది అంత సింతపండు పిసుకుద్దేటి?” అంటోంది.

ఆలస్యం చేయకండి. శుక్రవారం లోగా చెప్పకపోతే ఒక ప్రాణం పోవచ్చు. ఆ తర్వాత మీరెంత చెప్పినా లాభం ఉండదు. దీంతోపాటు ఒక పొట్లం పంపుతున్నాను. విప్పి చూస్తే మా మనసులో ఏముందో మీకే తెలుస్తుంది.

మీ
సూరన్న

తా.క. నిన్న మీ వీధికి వచ్చాను. రెండో అంతస్తు, పచ్చ కిటికీ. మీరు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ ఉండరని కింద వాచ్‌మన్ చెప్పాడు. పని కాకుండానే వెనక్కి వచ్చేశాను.


లేక్ మార్కెట్,
నవంబరు 16

సూరన్నా,

గౌరవవాచకం కావాలనే మానేశాను.

ఇటలీ గురించి రాసినవాణ్ణి నేను. అక్కడి కథల్లో ముఠావాళ్లు మనిషిని లేపేసే ముందు తినే వస్తువేదో పొట్లం కట్టి పంపుతారని 88వ పేజీలో రాసింది నేనే. నా పాఠం నాకే అప్పజెబుతారా? గడువు పెట్టారు. ప్రాణం పోతుందన్నారు. ఒంటరిగా ఉంటానని వాకబు చేసుకున్నారు. ఇది ఢిల్లీశ్వరరావు పనే.

మీ ఉత్తరమూ పొట్లమూ పట్టుకుని పోలీసు థానాకి వెళ్లాను. అక్కడి బెంగాలీ ఆఫీసరు పొట్లం విప్పి, వాసన చూసి, కళ్లు మూసుకుని, “దాదా, ఇలాంటి బెదిరింపు నాకు రోజూ ఒకటి రానీండి” అన్నాడు. సాక్ష్యం తన దగ్గరే ఉంచుకున్నాడు. మధ్యాహ్నం మళ్లీ వెళితే, సాక్ష్యం వంకాయలతో కలిసి ఆయన టిఫిన్ క్యారేజీలో ఉంది.

నన్ను చంపినా ఆ పేరు చెప్పను.

పట్టాభి

తా.క. వచ్చేట్టయితే మధ్యాహ్నం మూడు దాటాక రండి. అప్పటిదాకా మా లిఫ్టు పనిచేయదు.


గార్డెన్ రీచ్,
నవంబరు 20, బుధవారం

పట్టాభి బాబుగారికి,

చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. మీ ఉత్తరం విని మా ఆవిడ నవ్విన నవ్వుకి డయాలిసిస్ మిషను గంట కొట్టింది. విజయనగరం అమ్మాయి ఒకతె ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, పేరు వసుధ. ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

అవును బాబూ, పోయే ప్రాణం మీది కాదు, ఆవిడది. రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు మా రేవు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోబెడతారు. ఆ నాలుగు గంటలూ మీ పుస్తకాలే మాకు తోడు. ఇప్పుడు గుండె కూడా నీరసించింది, ఇంక ఎన్ని శుక్రవారాలో చెప్పలేమన్నారు డాక్టరు. ఈ మాట మొదటే రాద్దామనుకున్నాను. “జాలి పడి సెప్తే నాకొద్దు” అంది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. ఆవిడే రాయమంది. “ఆ బాబు సెప్పనోడు కాదు, తెల్నోడు. ఆకరి పేజీలు సదవలేదు” అంటోంది.

ఎలా అంటే, నీళ్లూ టీ అన్నీ కలిపి ఆవిడకి రోజుకి మూడు గ్లాసులే. అందుకని ఎవరు ఎక్కడ టీ తాగినా ఆవిడ చెవిన పడుతుంది. మీ మొదటి సంపుటంలో ప్రతి కథ చివరా లలితాంబ గారని ఒకావిడ టీ తెస్తారు. ముప్ఫై నాలుగు టీలు. రెండో దాంట్లో ఇరవై తొమ్మిది. మూడో సంపుటంలో ఒక్క టీ లేదు. ఆ టీ లేని పుస్తకంలోనే మీరు బోర్లాపడటమూ లేదు.

తప్పుగా రాసి ఉంటే మన్నించండి.

సూరన్న

తా.క. పొట్లంలోవి ఎండు నెత్తళ్లు. మీరు తినరని నాకు తట్టలేదు. వంకాయతో వండించుకున్నారంటే ఆ ఆఫీసరుగారికి తిండి తెలుసు.


లేక్ మార్కెట్,
నవంబరు 24, ఆదివారం

సూరన్న గారికీ, అప్పలలక్ష్మి అమ్మగారికీ,

నమస్కారాలు. అమ్మగారు చెప్పింది నిజం.

లలితాంబ నా భార్య. ఏ పుస్తకం ఇంటికొచ్చినా ముందు ఆఖరి అధ్యాయం చదివేసేది. ఆగలేదు. సినిమా అయితే చివరి ఇరవై నిమిషాలు చూసేసేది. నేను ఆ ముక్క వదిలి మిగతాదంతా చదివి, హంతకుడెవరో చీటీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. ఆవిడ టీ తెచ్చి చీటీ మీద టిక్కో ఇంటూనో పెట్టేది. ఎక్కువ ఇంటూలే. ఆ తర్వాతే నేను ఆఖరి అధ్యాయం తెరిచేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు ఇలాగే జరిగింది.

రెండేళ్ల కిందట, దసరా వెళ్లిన వారానికి పోయింది. మూడో సంపుటం కోసం నలభై ఒక్క చీటీలు రాశాను. అన్నీ సొరుగులో ఉన్నాయి, దిద్దేవాళ్లు లేరు. నా అంతట నేను ఆఖరి అధ్యాయం తెరిస్తే ఆవిడ ఇంక లేదని ఒప్పుకున్నట్టే అనిపించి, ప్రతి పుస్తకాన్నీ అక్కడే మూసేశాను. దానికి విమర్శకుడి నీతి అని పేరు పెట్టుకుని మీ మీద అరిచాను. సిగ్గుగా ఉంది.

శుక్రవారం పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వస్తాను. పోర్చుగల్ ఆఖరి అధ్యాయం ముగ్గురం కలిసి చదువుదాం. ఒక్కణ్ణీ చదవలేను. అమ్మగారిని చీటీ సిద్ధం చేసి ఉంచమనండి.

మీ
పట్టాభి

తా.క. వియ్యంకుడికి నేను చెప్పనన్న ముగింపు, వంటింటి గుమ్మంలో లలితాంబ ఆయన చెవిలో చెప్పేసిందట. పెళ్లి అందుకే జరిగింది. మొన్నమొన్నటిదాకా ఇది నా నీతి గెలిచిన కథ అనుకున్నాను.


గార్డెన్ రీచ్,
డిసెంబరు 10

పట్టాభి బాబుగారికి,

మీ ఉత్తరం బుధవారం అందింది. మిషను పక్కన కూర్చుని రెండుసార్లు చదివి వినిపించాను. వియ్యంకుడి దగ్గర మళ్లీ నవ్వింది. గురువారం తెల్లారాక, నేను జడ వేస్తుండగా, నా చేతుల్లో పోయింది.

శుక్రవారం మీరు వచ్చారని వసుధమ్మ చెప్పింది. ఆ మంచం మీద ఇంకెవరో ఉంటే, వాళ్ల పక్కన పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాలుగు గంటలూ కూర్చున్నారట. కబురు పెట్టడానికి మీ ఫోన్ నంబరు మా దగ్గర లేదు. మన్నించండి బాబూ. పదకొండో రోజు దాటాక గాని నాకు కలం పట్టబుద్ధి కాలేదు.

మీకో నిజం చెప్పాలి. మొదటి ఉత్తరం రాయకముందే ఆవిడ మీ టీలు లెక్కపెట్టేసింది. తన లెక్క సరైందో కాదో చూసి రమ్మనే నన్ను మీ కిటికీ కిందకి పంపింది. పైకి వెళ్లి పలకరించి రావడమే నా పని, అది చేతకాలేదు. ముగింపు కోసం మీ వెంట పడమన్నది ముగింపు కోసం కాదట. బుధవారం మీ ఉత్తరం మడిచి నా జేబులో పెట్టి అప్పుడు చెప్పింది. “ఎవులు సంపితే నాకేటి? నాను పోనాక నువ్వెవుల్తో మాట్లాడతావు? అందరూ నిన్ను సూసి అయ్యో అంటారు. ఆ బాబు అనడు, తిడతాడు. నీకు అలాటోడే కావాల” అంది.

ఇల్లంతా అయ్యో అనేవాళ్లే బాబూ ఇప్పుడు. చాలా కష్టంగా ఉంది. ఆదివారం నాలుగింటికి వస్తాను. టీ నేను పెడతాను, గిన్నె ఎక్కడుందో చూపించండి చాలు.

మీ
సూరన్న

తా.క. మీరు తిట్టాకే నాకు ఢిల్లీశ్వరరావు గారి పేరు తెలిసింది. ఆయనకీ ఒక ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా ముగింపు కవరులో పెట్టి పంపారు. ఆవిడ తెరవనివ్వలేదు. పొయ్యిలో పెట్టించింది.

ఇంకో తా.క. పోర్చుగల్ చీటీ ఆవిడ చెబుతుంటే నేనే రాశాను. వెంట తెస్తాను. తప్పయితే ఇంటూయే పెట్టండి, మొహమాటపడకండి. ఆవిడ తరఫున వాదించడానికి నేనున్నాను.