రెండువేల గదుల డబ్బా

గురువారం

బావమరిదీ,

నువ్వు క్షేమంగానే ఉంటావు, నీకెప్పుడేమైంది గనక. ఈ ఉత్తరం నిన్ను తిట్టడానికి కాదు. తిట్లు రెండో పేజీలో ఉన్నాయి, ఆత్రపడి ముందే తిప్పకు. ఫోన్ చేద్దామంటే ఈ నాలుగు రోజులుగా పది మాటలకే గొంతు గాలి తీసిన టైరవుతోంది. పైగా పక్క గదిలో మీ అక్క ఉంది. అందుకే కాగితం. పధ్నాలుగో నంబరు బస్సు కండక్టరు చేతికిస్తే సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసినందుకు నాకు మిగిలిన పరపతి అదొక్కటే.

సోమవారం నా స్వరపేటిక తీసేస్తారని నీకు తెలుసు. మెడకు చిల్లు పెడతారు, ఊపిరి అక్కణ్ణుంచి. మాట మాత్రం ఎక్కణ్ణుంచీ రాదు. నీకు తెలియంది ఇంకోటుంది. ఈ ఆపరేషన్ రెండు నెలల కిందటే జరగాల్సింది. డాక్టరుకు తీరిక లేదని మీ అక్కకు చెప్పాను. ఆయనకు తీరిక ఉంది, నాకే లేదు. "రోజులు మీ చేతిలో లేవండీ, లోపల అది మేస్తూనే ఉంటుంది" అన్నాడాయన. "మేయనీయండి, నాకు కాస్త పనుంది" అన్నాను.

ఆ పనేమిటో నీకు తెలుసు, నా కథలు దాచుకోను ఆ హార్డ్‌డిస్కు డబ్బా కొనిచ్చింది నువ్వే కదా. "రెండు టెరాబైట్లు బావా, నీ సోదంతా పోసినా సగం కూడా నిండదు" అన్నావు. చోటుంది కదా అని రికార్డరును అన్నిటికంటే పెద్ద నాణ్యతకు తిప్పాను. రోజుకు రెండు గంటలు చొప్పున నూటపదమూడు గంటలు చెప్పాను. బస్సు కింద ఈనిన కుక్క కథ, గొడుగు మరిచిన పెళ్లికొడుకు కథ, నా బడి ఐదో తరగతిలో ఎలా ఆగిపోయిందీ, ఆ తర్వాత పొట్లాల కాగితాలు విప్పి చదువు ఎలా నేర్చుకున్నదీ, అన్నీ. ప్రతి సాయంత్రం డబ్బాలోకి ఎక్కించి, పేరూ సైజూ కనపడగానే రికార్డరులోది తుడిచేసేవాణ్ణి. వెనక్కి వేసి ఒక్కసారీ వినలేదు. ఎందుకంటావా? ఉద్యోగంలో నేను కూర్చున్నది అద్దాల గదిలో, స్పీకర్లేమో బయట. ఇన్నేళ్లలో నా గొంతు నేను విన్నదే లేదు. వింటే నోరు పెగలదని మా గురువు భయపెట్టాడు, ఆ భయం పెన్షన్‌తో పాటు నాతోనే వచ్చింది.

ఇవాళ పొద్దున, ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మీ అక్కకు మొదట ఏ కథ వినిపించాలా అని డబ్బా తెరిచాను. చివరిది నొక్కితే చప్పుడు లేదు. దాని ముందుదీ అంతే. అలా నూట ఐదు గంటలు ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చాను, మొదటి ఎనిమిదీ నొక్కే ధైర్యం చాలలేదు. పేరుంది, సైజుంది, నేను లేను. పేరు గొప్ప ఊరు దిబ్బ.

తిట్లు రాద్దామనుకున్నాను. ఓపిక లేదు, నువ్వే తిట్టుకో.

ఒరేయ్, ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. మీ అక్క నన్ను చూసి చేసుకోలేదు, విని చేసుకుంది. రోజూ పధ్నాలుగో నంబరు వచ్చేవేళకు బస్టాండులో ఉండేది. పెళ్లయ్యాక తెలిసింది, ఆమె ఎక్కాల్సింది తొమ్మిదో నంబరని. ఆమె ఏ గొంతు కోసం బస్సు వదులుకుందో ఆ గొంతే సోమవారం పోతుంది. తర్వాత ఈ ఇంట్లో మిగిలేదెవరు? దగ్గే ముసలాయన. ఆమెకివ్వడానికి నా దగ్గరింకేముంది?

సోమవారం నేను వెళ్లను. ఇంకో రెండు నెలలు కావాలి. వేరే పెద్ద డాక్టరెవరో ఆగమన్నాడని నువ్వు మీ అక్కకు ఫోన్ చెయ్యి. నీ మాట నమ్ముతుంది. అబద్ధమాడేంత తెలివి నీకు లేదని ఆమెకు గట్టి నమ్మకం.

నీ బావ

శనివారం

బావమరిదీ,

ఇంకా ఫోన్ చెయ్యలేదేం?

డబ్బాను రిపేరు షాపుకు పట్టుకెళ్లాను. అక్కడి ఆవిడ విప్పి నా ముందు పెట్టింది. లోపల గోరంత మెమొరీ కార్డు. దాని పక్కన, చేతికి బరువు తెలియాలని, జిగురేసి అతికించిన ఇనప నట్టు.

"దీనికి అబద్ధమాడటం నేర్పారండీ" అందావిడ. "లాడ్జి అనుకోండి. గదులెన్ని అని కంప్యూటరు అడిగితే రెండువేలంటుంది. ఉన్నవి ఎనిమిదే. తొమ్మిదో మనిషి వస్తే రిజిస్టర్లో పేరు రాసుకుని, మనిషిని వెనక తలుపులోంచి బయటికి తోసేస్తుంది."

"తోసేసినవాళ్లు ఎక్కడికి పోతారమ్మా?"

"ఎక్కడికీ పోరండీ. వాళ్లింక లేరు."

ఎనిమిది గంటలు మాత్రం దక్కాయి. ఏమున్నాయో ఆవిడ పేర్లు చదివింది. మైకు పరీక్ష ఒకటి, మైకు పరీక్ష రెండు, అలా చివరిదాకా; మొదటి నాలుగు రోజులూ మైకు సర్దుకోవడానికే సరిపోయాయి మరి. నూటపదమూడు గంటల మనిషిలో మిగిలింది "హలో, హలో, ఎర్ర లైటు వెలిగిందా?" అంతే. నట్టు పారేస్తానంటే వద్దని జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి గొడుగు కథ మళ్లీ మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలకు నెత్తురు పడింది. బేసిన్ నేనే కడిగేశాను. బావమరిదీ, ఉన్న రెండు నెలలూ పోసి గాలి కొనుక్కున్నాను. ఇప్పుడు కథ చెప్పడానికి గొంతూ లేదు, గొంతు వదలడానికి మనసూ లేదు. ఫోన్ చెయ్యరా, నీకు దండం పెడతాను.

బావ

నెల తర్వాత

ద్రోహీ,

నా రెండుత్తరాలూ మీ అక్కకు ఫోన్లో చదివి వినిపించావట, బేసిన్‌తో సహా. నిన్ను నమ్మినందుకు నన్ననాలి.

ఆ ఆదివారం పొద్దున్నే మీ అక్క వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. రెండు నెలల గురించి ఒక్క మాటడిగితే పడి ఏడ్చేద్దామని సిద్ధంగా ఉన్నాను.

"ఏ కథ పోయింది?" అంది.

"అన్నీ."

"గొడుగు కథ కూడానా?" అని ఆ కథ తనే చెప్పడం మొదలుపెట్టింది. నేను దగ్గేచోట దగ్గింది, లోటా కోసం చెయ్యి చాచేచోట చాచింది. "ఇక్కడ మీరు ఎర్ర గొడుగంటారు. ఆ రోజు నేనూ ఉన్నాను. అది నల్లది. నలభై ఏళ్లుగా నోరు మూసుకుని వింటున్నాను."

"నువ్వు నా గొంతు విని..." అన్నాను. అంతకంటే రాలేదు.

ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. "ఆ స్పీకర్లో ఒక్క ముక్క అర్థమయ్యేదా ఎవరికైనా? గరగర తప్ప ఏమీ ఉండేది కాదు. ఏ బస్సొస్తోందో కనుక్కుందామని అద్దం దగ్గరికొచ్చేదాన్ని. లోపల మీరు ఒక్కరే, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చేతులూపుకుంటూ, తల ఆడించుకుంటూ... చప్పుడే వినపడేది కాదు. అది చూస్తూ బస్సు వదిలేసుకునేదాన్ని. రేపు పొద్దున్నే ఆసుపత్రి. బట్టలు సర్దాను."

సోమవారం వెళ్లాను. తీసేశారు. అంచుల్లో ఇంకా ఏమైనా మిగిలిందేమో మూడు నెలలకు గానీ తేలదట. ఆ రెండు నెలల సంగతి డాక్టరు ఎత్తలేదు. ఎత్తడానికి నాకు గొంతు లేదు. తెల్లవారితే ముందు ఆ లెక్కే గుర్తొస్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మీ అక్క రికార్డరు ముందు కూర్చుని నా కథలు చెబుతోంది, దిద్దుబాట్లతో సహా. నేను పక్కన కూర్చుని ఆ ఇనప నట్టుతో బల్ల మీద కొడతాను. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు అబద్ధం. నిన్న గొడుగు కథలో రెండు దెబ్బలు కొట్టాను. "వింటున్నారుగా, ఆయన కాదంటున్నారు. అయినా గొడుగు నల్లదే" అంది. నేను లేచి, రెండు చేతులూ ఊపి దెబ్బలాడాను. ఆమె కథ ఆపేసి నావైపే చూస్తూ ఉండిపోయింది. పాపం రికార్డరుకు అదేమీ తెలియదు.

అయ్యాక వెనక్కి వేసి చివరిదాకా విన్నాం. నట్టు చప్పుడు గట్టిగానే పడింది.

నువ్వు మాత్రం ఇంకేమీ కొనకు.

రెండు దెబ్బలతో,
నీ బావ