మావాడు లేదన్నాడు

ఆళ్లగడ్డ

లోకేశుకు నీ నాయన భాస్కరయ్య దీవించి రాస్తాండేది.

ఫోనెత్తకుండా ఉత్తరం రాయమంటావేందిరా? నా అక్షరాలు పడిలేస్తా వస్తాయి. ఆదినారాయణ మనవరాలి పెండ్లి వచ్చే నెల మొదటి బేస్తవారం. నీ బాడుగ సామాన్ల అంగడిలోని షామియానా, కుర్చీలు, వంటబానలు పంపు. ఊరికే ఇస్తామని మాటిచ్చినా. భాస్కరయ్య కొడుకు లేదనడని ఈడ పేరు.

ఇట్లు, నాయన.

ఇంగోటి: వంటోన్ని గూడా పంపు.

నంద్యాల

నాయనకు లోకేశ్ నమస్కారాలు.

ఫోనులో నీ గొంతు వింటే నోరు దానంతటదే "సరే" అంటుంది. అందుకే ఉత్తరం. మనసుకు వైద్యం చేసే సుకన్యగారు చెప్పిన ఉపాయమిది. "లేదంటే ఏమవుతుందని భయం?" అని అడిగారు. "మా నాయన నా మొహం చూడడు" అన్నాను. అది నిజమో కాదో ఒకసారి లేదని చెప్పి చూడమన్నారు.

అడిగినవాళ్లందరికీ ఇచ్చి, నీ మనవరాలు చందన ఓణీల పండగకు మన షామియానా మనకే లేకపోయింది. పిల్ల ఎండలో కూర్చుంది. కాబట్టి నాయనా, ఈసారి ఇవ్వలేను.

నీ లోకేశ్.

తా.క.: ఈ ముక్క రాసేసరికి చొక్కా తడిసిపోయింది. వంటవాణ్ణి కూడా పంపను.

ఆళ్లగడ్డ

ఒరే లోకేశూ,

మనసుకు వైద్యమా? కొడుకు లేదన్నాడని ఊర్లో ఎట్ల చెప్పేదిరా? తలెత్తుకోని తిరిగేటోన్ని. అందుకే నీకు పానం బాగలేదని చెప్పినా. పెండ్లోళ్లంతా జీపెక్కి నిన్ను చూసేకి వస్తాండారు.

నాయన.

ఇంగోటి: మంచం దిగొద్దు. మూలుగు.

నంద్యాల

నాయనా,

వచ్చారు. అరటిగెల కూడా తెచ్చారు. మూలగలేదు. "నాకు ఏ జబ్బూ లేదు, షామియానా ఇవ్వలేను, అంతే" అన్నాను.

ఆదినారాయణ మామ నవ్వాడు. "ఈ మాట ముందే అనింటే అయిపోయేది గదప్పా! మేం బాడుగకు మాట్లాడుకోను పోతాంటే మీ నాయనే అడ్డమొచ్చి, మావాడుండగా బాడుగేందన్యాడు. పెద్దాయన, లేదనలేకపోతిమి" అన్నాడు.

లోకేశ్.

తా.క.: నాయనా, నా మొహం చూస్తావా?

ఆళ్లగడ్డ

నా కొడుకు లోకేశుకు,

నీ మొహం చూడక ఇంగెవరి మొహం చూడాల్రా? నాకెదురుగా లేదనే మొగోడు ఈ ఊర్లో పుట్టలేదనుకుంటి. పుట్టినోడు నా ఇంట్లోనే పుట్న్యాడు! టీ అంగడికాడ అందరికీ చెప్తాండా.

పెండ్లిలో నేను గూడా లేదని చెప్పి చూసినా. వద్దంటే ఏమనుకుంటారో అని ఇన్నేండ్లూ పెట్టినకాడికి తింటాంటి. ఈసారి వడ్డించేటోడు ఇంగో ఓళిగ ఏయబోతే ఇస్తరాకుకు చెయ్యి అడ్డం పెట్టి, "లేదప్పా" అన్యా. వాడు పక్కాయనకు ఏసి పోయ. అంతే!

తలెత్తుకోనే తిరిగే నీ నాయన.

ఇంగోటి: నీ ఉత్తరాలు మీ అమ్మకు చదివి వినిపిస్తి. పొద్దున కాఫీ అడిగితే మీయమ్మ, "లేదు, నువ్వే పెట్టుకో" అన్యాది. దీనికి విరుగుడుందేమో ఆ సుకన్యమ్మను బేగా అడుగు.